సెల్లు తీసేసిన మౌస్

ఈ సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అన్నయ్యకి సగం చెప్పాను, మిగతా సగం మింగేశాను. అమ్మకి అసలే చెప్పలేదు. అప్పట్లో రోజూ డైరీ రాసే అలవాటు ఉండేది. అందులో కూడా ఆ మధ్యాహ్నం గురించి "ఇవాళ పెద్దమావయ్య వచ్చారు" అని ఒక్క ముక్క రాసి మూసేశాను.

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. నాన్నగారు హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందని ఎవరైనా అంటే, "సోకినట్టు ఎవరు చూసేరండి?" అని మర్యాదగానే అడిగేవారు. నేను లైబ్రరీ నుంచి దెయ్యాల నవలలు తెచ్చుకుని దిండు కింద దాచుకుని చదివేదాన్ని, నిజమే. కానీ అవి కట్టుకథలని తెలిసే, ఆ తెలియడంలో ఉన్న ధైర్యంతోనే చదివేదాన్ని. కాబట్టి జరిగింది జరిగినట్టు, నేను ఏమేం పరీక్షించి చూశానో దానితో సహా రాస్తాను. ఎక్కడైనా పొరపాటు కనిపిస్తే నాకూ సంతోషమే.

రెండువేల దశకం చివర్లో ఒక వేసవి. మాది రాజోలు దగ్గర ఊరు. డిగ్రీ అయి ఇంట్లో ఉన్నాను. నలుగురి ఎదట నోరు తెరవాలంటే నాకు గొంతు పెగిలేది కాదు. ఇంటర్వ్యూకి వెళ్ళి పేరు చెప్పి అక్కడితో ఆగిపోయిన మనిషిని. హైదరాబాదులో ఉద్యోగం చేసే అన్నయ్య జాలిపడి, పాత పుస్తకాల పేజీలు కంప్యూటర్లో టైపు చేసే పని ఒకటి ఇంటి దగ్గరికే ఇప్పించాడు. తన పాత లాప్‌టాప్ కూడా ఇచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా రోజంతా పుస్తకాలతో ఉండే పని. అంతకంటే నాకేం కావాలి.

ఆ లాప్‌టాప్‌కి ఒక లోపం ఉంది. వేలితో రాసే పలక, టచ్‌ప్యాడ్, పూర్తిగా చచ్చిపోయింది. ఎంత రుద్దినా తెర మీద బాణం కదలదు. దాని కింద ఉన్న రెండు మీటలు మాత్రం పనిచేసేవి. అందుకని అన్నయ్య ఒక వైర్‌లెస్ మౌస్ కూడా పంపాడు. లాప్‌టాప్ పక్కన ఒక చిన్న రిసీవర్ గుచ్చాలి, మౌస్‌లో పెన్సిల్ సెల్లు వెయ్యాలి, అడుగున ఎర్ర దీపం వెలుగుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి. బాణం కదలాలంటే ఆ మౌస్ ఒక్కటే దారి.

ఇక దొడ్డమ్మ. అమ్మకి అక్క, పేరు కరుణమ్మ. పెళ్ళి చేసుకోలేదు, మొదటి నుంచీ మా ఇంట్లోనే ఉంది. మా వైపు చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. దొడ్డమ్మ తను అల్లడమే కాదు, చుట్టుపక్కల వాళ్ళందరికీ నేర్పింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధరుగు మీద కూర్చుంటే, ఎండ దిగేదాకా ఆ కొన వంగిన సూది ఆగేది కాదు. అల్లినవన్నీ సఖినేటిపల్లిలో పంటు ఎక్కి, గోదావరి దాటి నర్సాపురం వెళ్ళేవి.

లేసు అల్లేవాళ్ళకి కొన్ని పట్టింపులు ఉంటాయి. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు పూర్తి చెయ్యరు. ఒక్కో చేతికి ఒక్కో బిగువు. రెండు చేతులు పడితే అంచు ఒకవైపుకి లాగేస్తుంది, లేసు కొనే షావుకారు పక్కన పడేస్తాడు. విప్పడం కూడా అంతే. చిన్నప్పుడు దొడ్డమ్మ ఒళ్ళో ఉన్న అల్లిక దారం కొస దొరికితే సరదాగా లాగాను. చూస్తుండగానే వరసంతా ఊడిపోయింది. తను కొట్టలేదు, కసరలేదు. "చేసిన చెయ్యే విప్పాలమ్మాయ్. ఇంకోళ్ళు విప్పితే అల్లినోళ్ళకి వేళ్ళల్లో నొప్పుట్టేస్తది," అంది. చాలాకాలం అది నిజమేననుకున్నాను.

దొడ్డమ్మ చేతికి ఇంకో ప్రత్యేకత ఉంది. పువ్వులో ఒక్కో రేకు ముగించేటప్పుడు సూదిని ఒకసారి వెనక్కి తిప్పి, చిన్న మెలిక వేసి, అప్పుడు తరువాతి రేకులోకి వెళ్ళేది. ఆ మెలిక అవసరం లేదు. నేర్చుకున్నవాళ్ళెవరికీ అది రాలేదు. షావుకారు గుట్టెడు లేసులోంచి ఆ మెలిక చూసి, "ఇది కరుణమ్మగారిదండి," అని తీసేసేవాడట.

ఆ ఏడాది ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాల్లో, చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ దొడ్డమ్మ గుమ్మంలోనే కూలిపోయింది. అమలాపురం ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. ఇంటికి తెచ్చాక కళ్ళు తెరిచే ఉండేది, కానీ చూపు ఇంటి దూలం మీదనుంచి కదిలేది కాదు. పిలిస్తే పలకదు. చెంచాతో జావ పోస్తే మింగుతుంది. డాక్టరుగారు, "మనం మాట్లాడేది ఆవిడకి తెలుస్తుందో లేదో చెప్పలేమండి," అన్నారు.

ఇంట్లో అసలు ప్రశ్న అదే అయింది. తెలుస్తోందా, లేదా.

అమ్మకి నడుంనొప్పి. దొడ్డమ్మని పక్కకి తిప్పడం, ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, అన్నీ చేసి సాయంత్రానికి తనే మంచం పట్టేటట్టు ఉండేది. పెద్దమావయ్య, అంటే అమ్మకీ దొడ్డమ్మకీ అన్నగారు, రాజమండ్రి వైపు ఎక్కడో ఇలా మంచాన పడ్డవాళ్ళని చూసుకునే హోమ్ ఉందని తెలుసుకున్నారు. మావయ్య చెడ్డవారు కాదు. చెల్లెళ్ళిద్దరిలో ఒకరినైనా దక్కించుకుందామని ఆయన ఆరాటం. "దానికి మనమెవరో తెలిస్తే నేనీ మాట అననమ్మా. తెలియనప్పుడు ఎక్కడుంటే ఏవిటి?" అని ఫోన్లో అనేవారు. అమ్మ, "తెలుస్తాది అన్నయ్యా," అనేది. "ఎలా చెప్తావు?" అంటే అమ్మ ఫోన్ నాన్నగారికి ఇచ్చేసేది.

మధ్యాహ్నాలు అమ్మ కాసేపు నడుం వాల్చేది. ఆ వేళ దొడ్డమ్మ దగ్గర నేనుండేదాన్ని. కిటికీ దగ్గర చిన్న బల్ల వేసుకుని, లాప్‌టాప్ పెట్టుకుని టైపు చేసేదాన్ని. నా తెర కిటికీ వైపు, దాని వెనకవైపు దొడ్డమ్మ మంచం. ఆవిడ తల తిప్పినా తెర కనిపించదు.

మొదట అది మౌస్ జబ్బే అనుకున్నాను. టైపు చేస్తుంటే, మౌస్ ముట్టుకోకుండానే, బాణం మెల్లగా జరిగేది. కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి. నేను అక్షరాలు కొడుతున్న చోటు నుంచి ఎక్కడికో వెళ్ళిపోయేది. అన్నయ్యకి ఫోన్ చేశాను.

"సెల్లు మార్చేవా?"

"మార్చేను. రాజోలు బస్టాండ్ దగ్గర కొట్లో కొత్తది తెచ్చేను."

"బల్ల నున్నగా ఉందా? నున్నటి బల్ల మీద దానికి పిచ్చెక్కుతుంది. కింద తెల్ల కాయితం వెయ్యి."

వేశాను. అదే పని. రిసీవర్‌ని ఇంకో సందులో గుచ్చమన్నాడు, గుచ్చాను. రిసీవర్ మీదున్న బొత్తాం, మౌస్ అడుగునున్న బొత్తాం రెండూ నొక్కి మళ్ళీ జత కలపమన్నాడు. ఎర్ర దీపం దగ్గర దుమ్ముంటే దూదితో తుడవమన్నాడు. వైరస్ వెతికించాడు. అన్నీ అయ్యాక, "పక్కింట్లో ఎవరికైనా ఇలాంటి మౌసే ఉందేమో చూడవే. రెండూ ఒకే దారిలో మాట్లాడుకుంటే, వాళ్ళు కదిపితే నీది కదుల్తుంది," అన్నాడు. ఇది నాకు చాలా నచ్చింది. తర్కంగా ఉంది. కానీ మా పక్కింట్లో కంప్యూటరు లేదు, వెనకింట్లో లేదు, కాలవ అవతల ఉన్నవి కొబ్బరిచెట్లు. ఆ మౌస్ మాట గది దాటి వినపడదని అన్నయ్యే చెప్పాడు.

"అయితే ఆ కొబ్బరిచెట్లేవైనా మౌస్ కొనుక్కున్నాయేమో," అని నవ్వి ఫోన్ పెట్టేశాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు, భయమూ వెయ్యలేదు. అది నిజంగా చెబుతున్నాను. లెక్క తేలని చోట మనసు ఎలా పట్టుకుంటుందో, అలా పట్టుకుంది. నాన్నగారు పిల్లల చేత ప్రయోగాలు చేయించేటప్పుడు, ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడమనేవారు. నేనూ అలాగే చేశాను.

లాప్‌టాప్‌ని ముందుగదిలోకి తీసుకెళ్ళాను. ఎంతసేపు చూసినా బాణం కదల్లేదు. దొడ్డమ్మ గదిలోకి తెచ్చాను. కదిలింది. పొద్దున్న అదే గదిలో చూశాను, కదల్లేదు. భోజనాలయ్యాక మొదలై, ఎండ అరుగు దిగేసరికి ఆగిపోయేది. ఫ్యానో, ట్యూబులైటో దానికి అడ్డం వస్తోందేమో అనుకున్నాను. వేసవి కదా, మధ్యాహ్నం కరెంటు కోత. ఊరంతా కరెంటు లేనప్పుడు, బ్యాటరీ మీద నడుస్తున్న లాప్‌టాప్‌లో కూడా కదిలింది. రిసీవర్ ఊడదీస్తే ఆగిపోయింది. అంటే మాట ఎక్కడి నుంచో రిసీవర్‌కే వస్తోంది.

చివరికి మౌస్‌లో సెల్లు తీసేశాను. ఎర్ర దీపం ఆరిపోయింది. మౌస్‌ని తిరగేసి బల్ల మీద పెట్టాను. తెర మీద బాణం కొంచెం ముందుకి వెళ్ళి, కొంచెం వెనక్కి వచ్చింది.

అప్పుడు మొదటిసారి ఆ కదలికని సరిగ్గా చూశాను. పిచ్చిపిచ్చిగా తిరగడం కాదది. ముందుకి పోయి, ఏదో అందుకున్నట్టు వంగి, వెనక్కి లాగి, మళ్ళీ ముందుకి. ఒక తూగు ఉంది. నాకు బాగా తెలిసిన తూగే. ఎక్కడ చూశానో మాత్రం తట్టలేదు.

మర్నాడు ఆదివారం. చర్చికి అమ్మా నాన్నగారూ వెళ్ళి వచ్చారు. మావయ్య ఆ రోజు వస్తానన్నారు, నాతో సహా ఇంట్లో అందరికీ ఎందుకో తెలుసు. మధ్యాహ్నం అమ్మ పడుకోలేదు. వంటింట్లో ఏవో గిన్నెలు తోమినవే తోముతోంది.

ఆ బాణం ఎక్కడ తిరుగుతోందో జాడ ఉంటే బాగుండునని నాకు ఆలోచన వచ్చింది. బొమ్మలు గీసే పెయింట్ తెరిచి, తెల్ల తెర మీద పెన్సిల్ పెట్టి, మౌస్‌లో సెల్లు తీసేశాను. టచ్‌ప్యాడ్ కింద మీట పనిచేస్తుంది కదా, దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. మీట నాది. కదలిక ఎవరిదో. ఇప్పుడు బాణం ఎటు పోతే అటు గీత పడుతుంది.

కాసేపటికి గీత బయల్దేరింది. ముందు చిన్న చిన్న లంకెలతో ఒక గొలుసు. ఆ గొలుసు గుండ్రంగా తిరిగి తన తోకని తాను పట్టుకుంది. దాని చుట్టూ ఒక రేకు లేచింది. రేకు చివర గీత ఆగి, వెనక్కి తిరిగి, చిన్న మెలిక వేసి, రెండో రేకులోకి వెళ్ళింది.

నేను లాప్‌టాప్ పైనుంచి దొడ్డమ్మని చూశాను. కుడిచెయ్యి దుప్పటి మీద, అమ్మ పొద్దున్న పెట్టినచోటే, అరచెయ్యి పైకి ఉంది. వేలు కదల్లేదు. రెప్ప కదల్లేదు. చూపు దూలం మీద. తెర మీద మాత్రం రెండో రేకు చివర మళ్ళీ ఆ మెలిక పడింది.

ఒక పువ్వయింది. గొలుసు నడిచి, పక్కన రెండో పువ్వయింది. ఎక్కడా తొందర లేదు. నా బొటనవేలు నొప్పి పుడుతున్నా తీయలేదు. తీస్తే దారం తెగినట్టవుతుందని అనిపించింది. అమ్మకి చూపిస్తాను, మావయ్యకి చూపిస్తాను, ఆయన అడిగిన జవాబు ఇదే అని అనుకుంటూనే ఉన్నాను. మూడో పువ్వు సగంలో ఉండగా వీధిలో ఆటో ఆగింది. మావయ్య గొంతు, నాన్నగారి గొంతు, గుమ్మంలో చెప్పుల చప్పుడు.

వాళ్ళు తిన్నగా ఈ గదిలోకే వస్తున్నారు. మావయ్య తెర చూసి "ఏవిటమ్మా ఇది?" అంటారు. అందరూ నా వైపు తిరుగుతారు. సెల్లు లేని మౌస్ అని, మెలిక అని నేను చెప్పాలి. అలా చెప్పబోతున్న నన్ను నేను ఊహించుకునేసరికి చెవులు వేడెక్కిపోయాయి. మీట వదిలేశాను. ఆల్ట్, ఎఫ్ ఫోర్ నొక్కాను. దాచుకోవాలా అని అడిగింది. వద్దన్నట్టు ఎన్ నొక్కాను. తెర ఖాళీ అయిపోయింది.

మావయ్య కుర్చీ లాక్కుని దొడ్డమ్మ మంచం పక్కన కూర్చున్నారు. "కరుణా," అని పిలిచారు. ఇంకోసారి పిలిచారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూసేవా శాంతా," అన్నారు అమ్మతో. "హోమ్ వాళ్ళు బుధవారం వ్యాను పంపిస్తామన్నారు. బావగారు కూడా ఒకసారి ఆలోచించండి."

నాన్నగారు, "మీ చెల్లెలి నడుం చూస్తే నాకూ భయంగానే ఉందండి," అన్నారు. అమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. ఈసారి "తెలుస్తాది" అనలేదు. అలిసిపోయింది. ఆ మాట అనే మనిషి ఇంక ఇంట్లో ఎవరూ లేరు.

"తెలుస్తోంది," అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. మావయ్య నా గొంతు విని చాలాకాలమై ఉంటుంది. "ఎవరికమ్మా?" అన్నారు.

"దొడ్డమ్మకి. అన్నీ తెలుస్తున్నాయి. పంపొద్దండి మావయ్యా."

"ఎలా తెలుసు తల్లీ నీకు?"

చేతిలో ఉన్న ఒక్క రుజువునీ అప్పుడే చెరిపేశాను. "నేను రోజూ ఇక్కడే ఉంటున్నాను కదండీ. నాకు తెలుసు. అమ్మ చేసేవి ఇకనుంచి నేను చేస్తాను. తిప్పడం, తుడవడం, అన్నీ," అన్నాను. మాట ఆగకుండా వచ్చేసింది.

"ఆధారం ఏవిటి?" అని నాన్నగారు అడుగుతారని ఎదురు చూశాను. ఆయన మావయ్య వైపు తిరిగి, "ఈ వేసవి పోనివ్వండి బావగారూ, తరవాత చూద్దాం," అన్నారు. మావయ్య, "ఆయ్, అలాగే కానివ్వండి," అన్నారు. ఇంత మాట్లాడే పిల్లని ఇన్నాళ్ళూ మూగదనుకున్నానే అని అమ్మతో అంటూ కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఆ రోజు తరువాత బాణం దానంతటది మళ్ళీ కదల్లేదు. ఎన్నో మధ్యాహ్నాలు పెయింట్ తెరిచి, సెల్లు తీసేసి, మీట నొక్కి కూర్చున్నాను. తెల్ల తెర తెల్లగానే ఉండేది. అన్నయ్య "ఇప్పుడు బాగుందా?" అంటే బాగుందన్నాను.

దొడ్డమ్మ పనులు నేను నేర్చుకున్నాను. పనిచేస్తూ చదివిన కథలు ఆవిడకి పైకి చదివి వినిపించేదాన్ని. వేసవి పోయింది. వానలు మొదలైనప్పుడు చూపు దూలం మీదనుంచి దిగి మా ముఖాల మీదికి వచ్చింది. మొదట "నీళ్ళు" అంది. ముద్దముద్దగా, ఒక్కో మాటకీ ఆగుతూ. తరువాత అమ్మని పేరు పెట్టి పిలిచింది. మావయ్య వచ్చి చూసి, మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చారు. ఇలా కోలుకోవడం ఉంటుందని డాక్టరుగారు చెప్పారు. అందులో నాకు అనుమానం లేదు.

అనుమానమంతా ఒక్క మాట దగ్గర. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, నేను దొడ్డమ్మ కుడిచేతి వేళ్ళకి కొబ్బరినూనె రాస్తుంటే, నా ముఖంలోకి చూసి ఆ మాట అంది. అని కళ్ళు మూసుకుంది. మూడో రోజున మళ్ళీ మెదడులో నెత్తురు గడ్డకట్టింది, ఈసారి అమలాపురం దాకా కూడా తీసుకెళ్ళలేకపోయాం. ఆ మధ్యలో అమ్మతో మాట్లాడింది, నాన్నగారితో మాట్లాడింది. నాతో ఇంకేమీ అనలేదు.

అది నిజం లేసు గురించి అన్న మాటేమో అని నేనూ అనుకున్నాను. జబ్బు పడకముందు సగంలో ఆపిన అల్లిక ఆవిడ రేకుడబ్బాలో ఉంది. తీసి చూశాను. అది ఆకుల అంచు. పువ్వన్నది ఒక్కటీ లేదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, సూది గుచ్చినది గుచ్చినట్టే ఉంది. దొడ్డమ్మ జన్మలో కంప్యూటరు తెర చూడలేదు. నేను ఆ బొమ్మ సంగతి గాలితో కూడా చెప్పలేదు.

ఆ పాత రిసీవర్‌లో ఏదో లోపం ఉండి ఉండవచ్చు. గీతలో మెలిక నేను చూడాలనుకుని చూసి ఉండవచ్చు. ఇవన్నీ ఒక్కొక్కటిగా ఒప్పుకోగలను. ఆ తరువాత నేను ఉద్యోగంలో చేరాను, నలుగురిలో మాట్లాడగలుగుతున్నాను, ఎన్నో లాప్‌టాప్‌లు మారాయి. ఆ మౌస్ మాత్రం సెల్లు లేకుండా రేకుడబ్బాలో, ఆ అల్లిక పక్కన ఉంది. ఇప్పటికీ నాకు లెక్క తేలనిది ఆవిడ మాటే. నూనె రాస్తున్న నా చేతిని చూసి, కోపం లేకుండా, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది:

"మూడో పువ్వు మధ్యలో ఉండగా విప్పేసేవేంటమ్మాయ్. ఆ రేకు అయ్యేదాకా ఆగలేకపోయేవా."